వరుస తెలియని చుట్టము

సంక్రాంతికి రెండు మూడు దినములు ముందుగా దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్.బి. నగర్ కూడలి వఱకు గల బాట ప్రక్కను నిలిచి చూచినవారికి ఏటేట ఒకే దృశ్యము కానవచ్చును. మూటలతోను, పెట్టెలతోను, చంకనెత్తుకొన్న పిల్లలతోను జనము బస్సులకై కాచుకొని యుందురు. కొందఱు విజయవాడ బాటను, కొందఱు నాగార్జునసాగరు బాటను పట్టుదురు. పంతంగి టోలుగేటు కడ కార్లు బారులు తీరును. ఎచటికని యడిగినచో అందఱి సమాధానమును ఒక్కటియే: “మా యూరికి.” ఇచట ఇల్లు కట్టుకొని, ఇచట వోటు వేయుచు, ఇచటనే 30 ఏండ్లు గడపినవారు సైతము ఈ పేటను మా యూరని యనరు. ఇల్లు ఇచట నున్నది. ఊరు మఱియొకచోట నున్నది.

ఇందులో వింత లేదు. ఈ పేట నిన్న మొన్నటి పొలము. దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అను భూస్వామి తన సేద్యపు భూమిని ఇండ్ల స్థలములుగా విభజించి విక్రయించుటచే దీనికీ పేరు కలిగినదని చెప్పుదురు. నల్లగొండ, మహబూబునగరు, ఖమ్మము, కృష్ణా, గుంటూరు ప్రాంతములనుండి చదువులకును, ఉద్యోగములకును, వ్యాపారములకును వచ్చినవారితో ఇది పెరిగినది. ఇచటి శిక్షణాలయములలో కంప్యూటరు విద్య నేర్చి సముద్రములు దాటిన యువకులును పెక్కుమంది కలరు. ఒక తరము పల్లె విడిచి ఇచటికి వచ్చెను; రెండవ తరము ఇచటినుండి అమెరికాకు పోయెను. అయినను పెద్దలు జీవించియున్నంత కాలము, పండుగనాడు ఏ బాట పట్టవలెనో ఆ యింటివారికి తెలియును.

ఏ బాట పట్టవలెనో తెలియని తెలుగువారును ఈ ప్రపంచమున లక్షల సంఖ్యలో కలరు. వారికి తెలుగుదేశముపై మమత యున్నది; తాతముత్తాతలు అచటివారే యను ఎఱుక యున్నది; ఊరు పేరు మాత్రము లేదు. ఎన్నో దశాబ్దములకు పిమ్మట వారిలో ఒకడు విమానము దిగి, మాసిన కాగితపు నకలు నొకదానిని చేతబట్టుకొని, “మావారు ఈ జిల్లావారట, మాకెవరైన మిగిలియున్నారా?” యని యడిగినచో మనమేమి చెప్పగలము? ఏమి చేయగలము? నేడు మా పాఠకుల ముందుంచ దలచిన విషయమిది.

పూర్వకథ మన పెద్దలెఱిగినదే. బానిసత్వమును రద్దుచేసిన పిదప ఆంగ్ల వలసరాజ్యములలోని చెఱకుతోటలకు కూలీలు కావలసివచ్చిరి. 1834 మొదలు మారిషసు దీవికి, 1860 మొదలు దక్షిణాఫ్రికాలోని నేటాలుకు, 1879 మొదలు ఫిజీకి భారతీయులను అయిదేండ్ల ఒడంబడికపై ఓడలకెత్తిరి. మారిషసునకు పోయినవారు దాదాపు 4 లక్షల 50 వేలు. 1911 వఱకు నేటాలుకు పోయినవారు 1,52,184. ఫిజీకి పోయినవారు 60 వేలకు మించినవారు. నేటాలుకు పోయినవారిలో హెచ్చుపాలు చెన్నపట్టణపు రేవునుండి కదలినవారే. వారిలో విశాఖపట్టణము, గంజాము, గోదావరి, ఉత్తరార్కాడు జిల్లాల తెలుగువారు పెక్కుమంది. 1876 నాటి ధాత కఱవు, అప్పులు, మగ్గములు మూలబడుట, జమీందారీ శిస్తుల భారము వారిని ఇల్లు కదలించినవి. కోరంగి రేవు పేరు సముద్రములపై ఎంత వ్యాపించెననగా, మారిషసున తెలుగువారికి ఆ రేవు పేరే జాతి నామమయ్యెను.

ఈ ఒడంబడిక కూలి పద్ధతిని నిర్మూలించుటకై 1912లో గోఖలేగారు రాజప్రతినిధి శాసనసభలో తీర్మానము ప్రతిపాదించిరి. దేశమంతట అలజడి చెలరేగిన మీదట 1917లో ఆ వలస నిలిచిపోయెను. మన జాతీయోద్యమపు తొలి విజయములలో దీనిని లెక్కింపవలసియున్నది. కాని ఆ విజయము ఇకపై పోవలసినవారిని ఆపినదేగాని, పోయినవారిని ఇంటికి చేర్చలేదు. గడువు తీరినవారిలో కొందఱు తిరిగి వచ్చిరి. తక్కినవారు అచటనే నిలిచి, అచటనే మట్టియైరి. అచట పుట్టినవారికి ఈ దేశము అవ్వ చెప్పిన కథయై మిగిలెను.

ఓడ యెక్కువారికి నాడు అధికారులొక వలస పత్రమును వ్రాయుచుండిరి. ఓడ పేరు, క్రమసంఖ్య, మనిషి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, ఎత్తు, దేహముపైని మచ్చలు, జిల్లా, తాలూకా, గ్రామము — ఇవి అందలి వివరములు. మచ్చలనుసైతము వ్రాసికొన్న ఆ గుమాస్తాలు తెలుగువాని ఇంటిపేరును వ్రాసికొనలేదు. ఆ పత్రమున దానికి గడియే లేకుండెను. కులము నడిగిరి, ఇంటిపేరు నడుగలేదు. అందుచే సముద్రము దాటినంతనే తండ్రి పేరే కొడుకునకు ఇంటిపేరయ్యెను. గ్రామము పేరును వ్రాసినవాడు తెలుగెఱుగని గుమాస్తాయైనచో, ఆ యక్షరములనుబట్టి నేడు ఆ గ్రామమేదో ఊహించుట మిక్కిలి కష్టము.

ఇంటిపేరు పోయినను ఇలువేల్పు పోలేదు. మారిషసు తెలుగువారు నేటికిని సింహాద్రి అప్పన్నను కొలుచుచున్నారు. అమ్మోరు పండుగ చేయుచున్నారు. ఉగాది ఆ దేశమున ప్రభుత్వపు సెలవుదినము. భాష నాలుకపై క్షీణించిన యిండ్లలో సైతము సింహాచలపు దేవుని పేరు నిలిచియున్నది. ఆ పేరొక్కటే మనకు చెప్పుచున్నది — వీరి పెద్దలు విశాఖపట్టణపు ప్రాంతములనుండి వచ్చినవారని. ఇంతకన్న గట్టి సాక్ష్యమేమి కావలెను? కాని ఈ సాక్ష్యము సీమను చూపగలదేగాని గడపను చూపజాలదు.

గడప తెలిసిననేగాని తెలుగునాట చుట్టరికము లేదు. మనవాడు తన చుట్టమును పేరుపెట్టి పిలువడు, వరుసపెట్టి పిలుచును. బావా యనవలెనో, అన్నా యనవలెనో, బాబాయీ యనవలెనో తెలియనిదే నోట మాట రాదు. ఇద్దఱు క్రొత్తవారు పెండ్లిపందిట కలిసికొన్నచో మొదట ఊరును, పిదప ఇంటిపేరును అడిగి, ఎచటనో ఒక మేనత్తను పట్టుకొని వరుస కలుపుకొందురు. విదేశమునుండి వచ్చినవాడు ఈ పరీక్షలో నిలువలేడు. వాడు చుట్టమే, కాని వరుస తెలియని చుట్టము. అట్టివానిని ఏమని పిలువవలెనో మనకు తోచదు. కావుననే పూలదండ వేసి, కాఫీ యిచ్చి, ఛాయాపటము తీయించుకొని సాగనంపుదుము.

వాని వెదకులాట కెదురగు ఆటంకములలో కొన్నిటిని మనమే పెంచితిమి. పత్రముపై “వైజాగపట్టము జిల్లా” అని యుండును. ఆ జిల్లానుండి 1950లో శ్రీకాకుళము, 1979లో విజయనగరము ఏర్పడినవి. 2022లో ఆంధ్రప్రదేశపు 13 జిల్లాలు 26 కాగా అది మఱల చీలినది. గంజాములో హెచ్చుభాగము 1936లో ఒరిస్సా పాలయ్యెను. తెలంగాణమున 2016లో 10 జిల్లాలు 31 అయి, 2019లో 33 అయినవి. 1984లో కరణముల పదవులు రద్దయినవి. తెలంగాణమున 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల పదవులును రద్దయినవి. కరణము చేసిన అన్యాయములను మేము సమర్థింపము. ఆ సంస్కరణ అవసరమైనదే. అయినను ఊరిలో ఎవరి తాత ఎవరో, ఏ కుటుంబము ఏ యేట ఊరు విడిచెనో చెప్పగలవాడు ఆ చావడిలోనే కూర్చుండెడివాడు. వానిని తొలగించిన మనము వాని జ్ఞాపకమును ఎచటను భద్రపఱుపలేదు.

ఇది సాధ్యముకాని పని యని కొందఱనవచ్చును. బీహారు ప్రాంతపు ఉదాహరణము అట్లు కాదని చెప్పుచున్నది. 2012లో ట్రినిడాడు ప్రధానమంత్రిణి కమలా పర్సాద్ బిసేసర్ గారు తమ ముత్తాత పుట్టిన ఊరైన బక్సరు జిల్లాలోని భేలూపూరును దర్శించిరి. పాత పత్రముల శోధనయే ఆమెకు ఆ బాటను చూపినది. ఇది సంతోషింపదగినదే. కాని ప్రధానమంత్రులకు ఊళ్లు దొరకును. వారికై రాయబారులు వెదకుదురు, కలెక్టరులు ఎదురుపోవుదురు. చెఱకుతోట కూలీ మునిమనుమడగు ఒక బడిపంతులునకో, డర్బనులో చిన్న అంగడి నడుపుకొను ఒక ముసలమ్మకో ఎవరు వెదకి పెట్టుదురు? మన యత్నము వారి కొఱకు కావలెను.

తిరిగివచ్చినవారి విషయమున మన పూర్వానుభవము గర్వింపదగినది కాదు. 1931 నాటికి బర్మాలో లక్షకు మించిన తెలుగువారుండిరి. రంగూను రేవు బరువులు పెక్కుభాగము వారి భుజములపైననే కదలినవి. 1942లో జపానుసేనలు ముంచుకొని రాగా లక్షలకొలది భారతీయులు కొండలను, అడవులను నడచి తరలివచ్చిరి. దారిలో రాలిపోయినవారు వేలకొలది. మఱల 1962 సైనిక విప్లవమునకు పిమ్మట, 1964లో అంగళ్లు జాతీయము కాగా, మిగిలినవారిలో పలువురు కట్టుబట్టలతో ఓడలలో వచ్చిరి. వారు రెండు మూడు తరములకు పూర్వము విడిచిన దేశమునకే వచ్చిరి. మనము వారికి కాందిశీకులని పేరుపెట్టి, ఊరి చివర స్థలము చూపితిమి. విశాఖపట్టణమున బర్మాక్యాంపు అను పేరు నేటికిని నిలిచియున్నది. ప్రభుత్వము ఇల్లిచ్చినది, బంధువర్గము వరుస ఇచ్చినదా? ఇచ్చిన యిండ్లును లేకపోలేదు. వానికి మా నమస్కారము. కాని పెక్కుమందికి పుట్టినగడ్డ చేరిన పిదపకూడ బర్మావారను పేరు పోలేదు.

సముద్రము దాటినవారినే చెప్పనేల? నల్లగొండ, కరీంనగరు, వరంగల్లు మగ్గములు విడిచి షోలాపురమునకును, భీవండికిని పోయిన పద్మశాలీల సంతానము రైలులో ఒక రాత్రి ప్రయాణపు దూరముననే కలదు. వారిలోను ఊరు పేరు మాత్రమెఱిగి, ఊరిలో ఎవరింటి తలుపు తట్టవలెనో తెలియనివారు కలరు. దూరము మైళ్లచేత కొలువబడునది కాదు. రాకపోకలు తెగిన తరములచేత కొలువబడునది.

ఇక మా పాఠకులలో భూవసతి గలవారితో ఒక మాట చెప్పక తప్పదు. దూరపు చుట్టము వచ్చెనన్న వార్త వినినంతనే కొన్ని యిండ్లలో మొదట పుట్టునది సంతోషము కాదు, భయము. “ఇన్నేండ్లకు ఎందులకు వచ్చినాడు? భాగమడుగునేమో?” యని గుసగుసలు బయలుదేరును. పెట్టెలోని దస్తావేజులను వెలికితీసి చూచుకొనువారు కలరు. పొరుగూరికి పోయిన అన్నదమ్ముల నడుమనైనచో ఈ భయమునకు కొంత కారణముండవచ్చును. ఓడ యెక్కినవారి సంతతి విషయమున అది వట్టి అపోహ. విదేశ పౌరసత్వము గల భారత సంతతివారు ఇచట సేద్యపు భూమిని కొనుటకైనను విదేశ మారకపు చట్టము అనుమతింపదు. జమీందారీల రద్దు, జాగీర్ల రద్దు, 1973 నాటి భూపరిమితి చట్టము వీనిమూలమున నూఱేండ్ల క్రిందటి భూమి ఎన్ని చేతులు మాఱెనో రైతులకే తెలియును. అన్నిటికన్న ముఖ్యమైన మాట యొకటి గలదు: దున్నుకొనుటకు చాలినంత భూమి యున్నవాడు ఆ యోడ నెక్కునా? వాడు పోవుటచే ఊరిలో మిగిలిన గింజలు మిగిలినవారికి దక్కినవి. నేడు వాని మునిమనుమడు వచ్చి యడుగునది ఎకరములు కాదు. తన ముత్తాత నడచిన వీధి యేది యని మాత్రమే.

మఱియొక సంకోచమును కలదు. ఓడలో కులములు కలిసిపోయినవి. తోటలలో వివాహములును కలిసినవి. నూర్గురు పురుషులకు నలువదిమంది స్త్రీలు ఉండవలెనని ఓడలకు నిబంధన యుండెను; ఆ కొఱతలో కులమును చూచుకొని పెండ్లాడుట ఎల్లరకును సాధ్యము కాలేదు. ఒకే ఓడలో పోయినవారు ఒకరినొకరు తోబుట్టువులుగా భావించుకొని, తమ పిల్లల నడుమ పెండ్లిండ్లను సైతము కూడదనుకొన్న కాలము కలదు. అట్టివారి సంతానము వచ్చినప్పుడు “మీ అమ్మమ్మ ఎవరు?” అని ఆరా తీసి ముఖము ముడుచుకొనుట మన నాగరకతకు తగదు. ఆకలి పాలైనవానిని ఆపలేని ఊరికి, వాడెవరిని పెండ్లాడెనని యడుగు హక్కెక్కడిది?

ప్రభుత్వములు బొత్తిగ ఏమియు చేయలేదని మేమనము. 1975లో హైదరాబాదున తొలి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినవి. 1981లో కౌలాలంపూరున, 1990లో మారిషసున అట్టి సభలు జరిగినవి. 2017లో మఱల హైదరాబాదున జరిగినవి. కేంద్రప్రభుత్వము 2008లో ప్రవాస భారత సంతతివారి మూలములను వెదకిపెట్టుటకు ఒక పథకమును ఆరంభించెను. 2024 మార్చి 12వ తేదీన రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ముగారు మారిషసున ప్రసంగించుచు, ఆ దీవిలోని భారత సంతతివారికి ఏడవ తరము వఱకు ప్రవాస పౌరసత్వపు కార్డునకు అర్హత కల్పించుచున్నట్లు ప్రకటించిరి. ఇవి యన్నియు మేలైనవే. కాని సభలో కప్పిన శాలువ ఊరి పేరును చెప్పదు. ఏడవ తరమువాడు కార్డు కోరినను, తన పూర్వికుడు భారతీయుడని పత్రముతో నిరూపింపవలసినదే. చివరకు సమస్తమును ఆ పాత కాగితముపైననే ఆధారపడుచున్నది.

కావున రెండు తెలుగు ప్రభుత్వములును కలసి ఒక పని చేయవలెనని మేము కోరుచున్నాము. మారిషసున మోకాలోని మహాత్మాగాంధీ సంస్థయందు వలసదారుల పత్రములు, ఛాయాపటములతో సహా భద్రముగ నున్నవి. నేటాలు ఓడల పట్టికలును కలవు. ఫిజీ పత్రములును కలవు. చెన్నపట్టణము ఎగ్మూరులోని దస్తావేజుల భాండాగారమున రాజధాని కాలపు రికార్డులున్నవి. దిల్‌సుఖ్‌నగరమునకు కొలది మైళ్లలో తార్నాకయందు మన రాష్ట్ర పురాలేఖనాలయమే కలదు. పై పట్టికలలోని తెలుగువారి పేర్లను ఏర్చి, తెలుగు లిపిలో వ్రాసి, ప్రతి గ్రామమునకును నేటి మండలమును, జిల్లాను సూచించుచు ఒక సూచిక తయారుచేయించుడు. గుమాస్తా వ్రాసిన తప్పు పేరు వెనుకనున్న ఊరేదో చెప్పగలవారు తెలుగువారేగాని ఇతరులు కారు. రెండు మూడు విశ్వవిద్యాలయముల చరిత్రశాఖలు పూనుకొన్నచో కొలది సంవత్సరములలో ముగియగల పని యిది. ఒక మహాసభ పందిళ్ల వ్యయముతో పోల్చినచో దీని వ్యయము స్వల్పము.

గ్రామ పంచాయతీలు చేయవలసిన పనియు నొకటి గలదు. ఊరిలోని ఇంటిపేర్లను, ఏ కుటుంబము ఏ కాలమున ఎచటికి తరలిపోయెనను వార్తను ఒక పుస్తకమున వ్రాయించి, పాఠశాలలోనో, గ్రంథాలయములోనో ఉంచవలెను. ఎనుబది యేండ్లు దాటిన వృద్ధులు ప్రతి యూరను ఒకరిద్దఱు మిగిలియున్నారు. “మా చిన్నతాత రంగమెళ్లి తిరిగి రాలేద”ని చెప్పగలవారు వారే. రంగమనగా రంగూనని నేటి పిల్లలకు చెప్పినగాని తెలియదు. ఆ వృద్ధుల నోటి మాట పత్రముపైని ముక్కతో కలిసిననాడే తెగిన దారము ముడిపడును.

ఇక గృహస్థుల కర్తవ్యము. వంశవృక్షములు కలిగిన యిండ్లు మనలో లేకపోలేదు. కాని వానిలో ఆడపడుచుల పేర్లు కానరావు. పుట్టినింటినుండి పోయినంతనే ఆమె పేరు కొమ్మనుండి రాలిపోవును. ఓడలలో స్త్రీలును పోయిరి. ఒంటరిగ పోయిన వితంతువులును కలరు. అట్టి స్త్రీ మునిమనుమరాలు వచ్చి వెదకినచో మన వృక్షములలో ఆమెకు ఆధారమేమి దొరకును? కావున వ్రాయునపుడు కుమార్తెలను, వారి మెట్టినూళ్లను, కోడండ్ల పుట్టినూళ్లను విడువక వ్రాయవలెను. మన వరుసలలో సగము మేనత్తల మూలమున వచ్చినవే యని మఱవరాదు.

ఇది పరుల కొఱకు చేయు ఉపకారమని ఎవరును తలపకుందురు గాక. దిల్‌సుఖ్‌నగర్ వీధులలోనుండి అమెరికాకు పోయిన యువకుని మనుమడు మఱి 50 ఏండ్లకు ఈ నగరమునకు రావచ్చును. వాని చేత నుండునది ఒక అపార్టుమెంటు పేరు, ఒక అంతస్తు సంఖ్య మాత్రమే. ఆ కట్టడము నాటికి నిలిచియుండునో లేదో! పల్లెనుండి ఇచటికి వచ్చిన తాతకు ఊరు తెలియును. తండ్రికి ఆ యూరు పండుగల ఊరు. మనుమనికి అది ఒక మాట. మునిమనుమనికి అదియు లేదు. కోరంగి రేవున ఓడ యెక్కినవానికి పట్టిన గతియే విమానమెక్కినవానికిని పట్టును. వాని యింటిపేరు పాస్‌పోర్టుపై నుండును గాని, దాని వెనుకనున్న ఊరు ఉండదు.

రాబోవు సంక్రాంతికి ఎల్.బి. నగర్ కూడలిలో బస్సెక్కు ప్రతి గృహస్థుడును పిండివంటల మూటతోపాటు ఒక వ్రాతపుస్తకమును వెంట గొనిపోవలెనని మా మనవి. పండుగ ముచ్చట్లు ముగిసిన పిదప, అరుగుపై కూర్చున్న పెదనాయనను, పెద్దమ్మను అడిగి మూడు తరముల పేర్లను వ్రాసికొనుడు. ఊరు విడిచి ఎవరెచటికి పోయిరో వ్రాసికొనుడు. ఆ పుస్తకములో పేరున్నవాని బిడ్డ ఎన్నడైన మీ గుమ్మము ముందు నిలిచి, తడబడు తెలుగులో ముత్తాత పేరు చెప్పినచో, ఎందులకు వచ్చితివని యడుగకుడు. వరుస చూచి, ఆ వరుసతో లోనికి పిలువుడు.